ఫుర్వియేర్ కొండ మీద ఒక కార్తీక శనివారం

తిరుపతిలో పుట్టి పెరిగిన ఆడపిల్లకు రాత్రిపూట బయట తిరగడం కొత్తేమీ కాదని చెబితే వేరే ఊళ్ల స్నేహితురాళ్లు ఒక పట్టాన నమ్మరు. అర్ధరాత్రి దాటాక కూడా రైళ్లూ బస్సులూ దిగి, నిద్రపోతున్న పిల్లలను భుజాన వేసుకుని, సంచులు మోసుకుంటూ యాత్రికులు నడుస్తూనే ఉండే ఊరు మాది. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల వీధుల్లో ఏ వేళకు పోయినా టీ దొరుకుతుంది. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ నాడు ఊరికి నిద్ర ఉండదు. గంగమ్మ జాతర చివరి రాత్రి అమ్మవారి విశ్వరూపం కోసం మా వీధి వాళ్లు తెల్లవారుజాము దాకా మేలుకుని ఉండేవారు. అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి కొండకు పోవలసి వచ్చినప్పుడు మా ఇంట్లో ఎప్పుడూ రాత్రినే ఎంచుకునేవారు. ఎండ బాధ ఉండదు, పైగా గాలిగోపురం దగ్గర కాసేపు కూర్చుంటే కింద ఊరి దీపాలన్నీ కనబడతాయి.

అయితే ఆ రాత్రులన్నిటిలోనూ నా పక్కన అమ్మో, నాన్నో, పెదనాన్న పిల్లలో ఉండేవారు. ఎవరితో పోవాలి, ఎంతసేపు ఉండాలి, ఏ దారిన తిరిగి రావాలి అనేవి నేను నిర్ణయించిన సందర్భం ఒక్కటీ లేదు. నాకై నేను ఎంచుకున్న మనుషులతో, ఇంటి మొక్కుబడి ఏదీ లేకుండా బయట గడిపిన మొదటి రాత్రి నాకు మా ఊళ్లో దొరకలేదు. అది ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో, 2012 డిసెంబరు 8న దొరికింది.

ఆ ఏడాది శరదృతువులో నేను పరిశోధన కోసం లియోన్ వెళ్లాను. మా ప్రయోగశాల నగరాన్ని ఆనుకుని ఉన్న విలర్‌బాన్‌లో, ల దువా ప్రాంగణంలో ఉండేది. హాస్టలు కూడా అక్కడే. మొదటి వారాలను గురించి చెప్పుకోదగ్గది పెద్దగా ఏమీ లేదు. సాయంత్రం ఐదింటికే చీకటి పడేది, ఆదివారం దుకాణాలు మూసి ఉండేవి, నాకు వచ్చిన ఫ్రెంచి రొట్టె కొనుక్కోవడానికి సరిపోయేది గాని కబుర్లు చెప్పుకోవడానికి చాలేది కాదు. పగలంతా యంత్రాల ముందు కూర్చుని, రాత్రి ఉమ్మడి వంటగదిలో చారన్నం వండుకుని, గదికి తెచ్చుకుని తినేదాన్ని.

స్నేహాలు ఆ వంటగదిలోనే మొదలయ్యాయి. ఒకరోజు నేను ఎండుమిరపకాయలతో తాళింపు వేస్తుంటే, వరండా చివరి నుంచి ఒక కుర్రవాడు దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చి, నన్ను ఇంతకు ముందు ఎన్నడూ చూడకపోయినా, "అక్కా, ఈ వాసన ఈడికి యెట్లొచ్చింది?" అని అడిగాడు. అతనిది పుత్తూరు. ఇంజనీరింగులో పై చదువుకు వచ్చాడు. మా హాస్టలులో ఉన్న స్నేహితుణ్ణి చూడడానికి వచ్చి నా తాళింపుకు దొరికిపోయాడు. తిరుపతికి కూతవేటు దూరంలో ఉన్న ఊరివాణ్ణి కలుసుకోవడానికి అంత దూరం పోవలసి వచ్చింది. మూడో మనిషి మొరాకో దేశపు ఫెజ్ నగరం నుంచి వచ్చిన అమ్మాయి. నా ఎదురు గదిలో ఉండేది, నా మసాలా డబ్బాలో జీలకర్ర చూసి నవ్విన రోజు నుంచి మాకు మాటలు కలిశాయి. నాలుగోవాడు మా ప్రయోగశాలలో పనిచేసే లియోన్ అబ్బాయి. అచ్చంగా ఆ ఊళ్లోనే పుట్టి, ఆ ఊరు దాటి పెద్దగా పోని మనిషి, మాట పొదుపరి. వీళ్ల పేర్లు ఇక్కడ రాయను. మాలో మేము కూడా చాలాసార్లు ఊరి పేర్లతోనే పిలుచుకునేవాళ్లం.

డిసెంబరు మొదటి వారంలో ప్రాంగణమంతా దీపాల పండుగ మాటలే వినబడసాగాయి. ఆ నాలుగు రాత్రులూ లియోన్‌లోని పెద్ద భవనాల గోడల మీద రంగుల బొమ్మలు ఆడిస్తారని, ఎక్కడెక్కడి నుంచో లక్షల మంది వస్తారని చెప్పారు. శనివారం సాయంత్రం పోదామని మేము ముగ్గురం లియోన్ అబ్బాయిని అడిగితే అతను ముఖం చిట్లించి, ఆ గుంపులో ఊరివాళ్లు ఎవరూ తిరగరనీ, కిటికీలు మూసుకుని ఇంట్లో ఉంటారనీ అన్నాడు. నాకు ఒక్కసారిగా మా నాన్న గుర్తొచ్చారు. బ్రహ్మోత్సవాలకు హైదరాబాదు నుంచి చుట్టాలు దిగినప్పుడల్లా, "ఈ జనంలో కొండకు పోయేదెవరు? మేము ఆషాఢంలో పోతాములే" అని తప్పించుకునేవారు. యాత్రాస్థలంలో పుట్టినవాడి విసుగు ఎక్కడైనా ఒకే రకంగా ఉంటుందని ఆ రోజే అనిపించింది. ఆ విసుగు కింద కొంచెం గర్వం కూడా ఉంటుంది, పట్టుబట్టి అడిగితే బయటపడుతుంది. మొరాకో అమ్మాయి పట్టుబట్టింది. అతను సరేనన్నాడు, కాని తాను చెప్పిన దారిలోనే నడవాలని షరతు పెట్టాడు.

ట్రాం దిగి నగరం నడిబొడ్డుకు చేరేసరికే జనం కిక్కిరిసి ఉన్నారు. రోన్, సోన్ అనే రెండు నదుల మధ్య నాలుకలాగా సాగిన భూమి మీద ఉంటుంది ఆ నడిబొడ్డు. వంతెనల మీద రాకపోకలకు వేర్వేరు దారులు పెట్టి, పోలీసులు తాళ్లు కట్టి జనాన్ని ఒకే దిక్కుగా నడిపిస్తున్నారు. పుత్తూరబ్బాయి చుట్టూ చూసి, "అక్కా, ఇది గరుడసేవ మాదిరే ఉండాదే! గోవిందా అనే వోళ్లే లేరు గాని," అన్నాడు. మాటకు నవ్వు వచ్చింది గాని, నాకు వింతగా తోచింది వేరొకటి. ఇన్నేళ్లూ నేను గుంపును గట్టు మీద నిలబడి చూసిన దాన్ని. ఏ సందులో దూరితే ఏ వీధిలో తేలతామో, ఏ దుకాణంలో ధర ఎక్కువ చెబుతారో, ఎక్కడ కూర్చుంటే లేవగొట్టరో తెలిసిన స్థానికురాలిని. ఆ రాత్రి మాత్రం దారి తెలియక తల ఎత్తి దీపాలు చూస్తూ, ముందు నడిచే మనిషి చొక్కా మీద ఒక కన్ను వేసి ఉంచిన యాత్రికురాలిని. ఆ స్థితి నాకు నచ్చింది.

తెరో మైదానంలో పురపాలక భవనం గోడలు, పక్కన ఉన్న కళా మ్యూజియం గోడలు సంగీతానికి తగ్గట్టు రంగులు మారుతూ ఉంటే చాలాసేపు నిలబడి చూశాము. అక్కడ నాలుగు గుర్రాలు లాగుతున్న రథంతో ఒక పెద్ద ఫౌంటెన్ ఉంది. న్యూయార్క్‌లోని స్వేచ్ఛా ప్రతిమను మలచిన బార్తోల్దీ చేసినదే అది. వీధుల్లో పెద్ద పెద్ద గిన్నెల్లో దాల్చిన చెక్క, లవంగాలు వేసి వైన్ కాచి అమ్ముతున్నారు. నాకు శనివారం, అందులోనూ కార్తీకం. దీపావళి నవంబరు 13న వచ్చింది కాబట్టి బహుళ పక్షం ఇంకా నడుస్తూనే ఉంది. వద్దని ఎలా చెప్పాలా అని నేను తటపటాయిస్తుండగానే మొరాకో అమ్మాయి తాను తాగనని చెప్పి, మా ఇద్దరికీ వేడి ఆపిల్ రసం తెచ్చింది. ఎందుకని ఎవరూ అడగలేదు. కారణాలు చెప్పుకోనవసరం లేని మనుషుల మధ్య ఉన్నానని నాకు తెలిసినది ఆ కాగితపు గ్లాసు చేతిలోకి వచ్చినప్పుడే. పుత్తూరబ్బాయి మాత్రం నా వైపు ఒకసారి చూసి, "చలిమందు అక్కా," అని వైన్ గ్లాసు అందుకున్నాడు.

లియోన్ అబ్బాయి తన షరతును అక్కడి నుంచి అమలు చేశాడు. సోన్ నది దాటి పాత లియోన్‌లోకి వచ్చాక, రాళ్లు పరిచిన ప్రధాన వీధిలో జనం అడుగు తీసి అడుగు వేయలేక నిలబడి ఉంటే, అతను ఒక మామూలు చెక్క తలుపు దగ్గర ఆగి, అంకెలు నొక్కి తెరిచాడు. లోపల ఒక ఇరుకు చీకటి నడవ. అది ఒక మేడ కింద నుంచి పోయి చిన్న ముంగిట్లో తేలింది, అక్కడ గుండ్రని మెట్ల బురుజు, దాని అవతల ఇంకో నడవ. ఇళ్ల కింద నుంచి వీధికీ వీధికీ మధ్య పోయే ఇటువంటి దారులను అక్కడ త్రాబూల్ అంటారు. అవతలి కొండ క్రువా రూస్ మీద పట్టు నేసేవాళ్లు వానకు తడవకుండా బట్టల చుట్టలను మోసుకుపోయినది ఇలాంటి దారుల గుండానే. కొన్ని పగటిపూట అందరికీ తెరిచి ఉంటాయి, రాత్రి మాత్రం అక్కడ నివసించేవారికే. ఈ మేడలో అతని అవ్వ ఉండేది.

ఆ రాత్రిలో నాకు బాగా గుర్తున్న భాగం అవ్వ ఇల్లే. ఎనభై దాటిన మనిషి, సన్నగా, నిటారుగా ఉండేది. మమ్మల్ని చూడగానే, ఏ ఊరివాళ్లని అడగకముందే, కిటికీ గట్టు దగ్గరికి తీసుకుపోయింది. గట్టు మీద గీతలు గీతలుగా ఉన్న మందపాటి గాజు కప్పులు, ఒక్కొక్క దానిలో పొట్టి కొవ్వొత్తి. ఇటు కొన్ని ఆరిపోయాయి, వంగి వెలిగించడానికి నడుము సహకరించడం లేదని చెప్పి అగ్గిపెట్టె నా చేతిలో పెట్టింది. నేను వెలిగించాను. కపిలతీర్థంలో కార్తీక పౌర్ణమికి అమ్మ పక్కన కూర్చుని ఒత్తులు సర్దిన వేళ్లకు అగ్గిపుల్ల గాలికి ఆరకుండా ఎలా పట్టుకోవాలో నేర్పనక్కరలేదు. అవ్వ అది గమనించి మనవడితో ఏదో అన్నది. ఈ పిల్లకు ఇది అలవాటే అన్నదని అతను చెప్పాడు.

కుర్చీల్లో కూర్చున్నాక ఆమె పండుగ కథ చెప్పింది. మనవడు ఇంగ్లీషులో, మొరాకో అమ్మాయి అక్కడక్కడ సరిదిద్దుతూ మాకు అందించారు. 1643లో ప్లేగు భయంతో నగర పెద్దలు ఫుర్వియేర్ కొండ మీది మేరీమాతకు మొక్కుకున్నారు. 1852లో ఆ కొండ మీది ప్రార్థనాలయానికి మేరీమాత కంచు విగ్రహం చేయించి, సెప్టెంబరు 8న ప్రతిష్ఠించాలనుకుంటే, సోన్ నదికి వరద వచ్చి శిల్పి పనిశాల మునిగి, ముహూర్తం డిసెంబరు 8కి జరిగింది. ఆ నాడు కూడా గాలివాన పట్టుకుంది. వేడుక మళ్లీ ఆపేద్దామని పెద్దలు తటపటాయిస్తుంటే సాయంత్రానికి ఆకాశం తేటపడింది, జనం ఎవరికి వారే కిటికీల్లో దీపాలు పెట్టేశారు. "గోడల మీద ఆడే బొమ్మలు మీలాంటి వచ్చేవాళ్ల కోసం, మా పండుగ ఇదీ" అని ఆమె గట్టు వైపు చూపింది. నేను పూర్తిగా ఒప్పుకోను. గోడల మీది రంగులు లేకపోతే మేము ముగ్గురం ఆ పూట గది దాటేవాళ్లమే కాదు, ఆ ఇంటి తలుపు మాకు తెరుచుకునేదీ కాదు. అయినా ఆమె ముందు ఆ మాట అనలేదు.

మాటల్లో ఆమె తాతగారు క్రువా రూస్‌లో పట్టు నేతగాడని తెలిసింది. జకార్ మగ్గం ఎత్తు ఎక్కువ కాబట్టి అక్కడి ఇళ్లకు కప్పులు నాలుగు మీటర్ల ఎత్తున కట్టేవారట. ఆ మాట వినగానే అంతవరకు బుద్ధిగా కూర్చున్న పుత్తూరబ్బాయి లేచి నిలబడ్డాడు. మదనపల్లె దగ్గర నీరుగట్టువారిపల్లెలో అతని మేనమామ పట్టుచీరలు నేస్తారు; సెలవుల్లో ఆ మగ్గం పక్కనే ఆడుకుంటూ పెరిగాడు. తలమీద పెట్టె, దానిలోంచి గొలుసుగా దిగే చిల్లుల అట్టలు, అంచు బుటా మారినప్పుడు అట్టలు మార్చే తీరు ఇవన్నీ చేతులతో గాలిలో చూపించాడు. ఆ మగ్గాన్ని 1804లో తయారుచేసిన జోజెఫ్ మారీ జకార్ ఇదే ఊరివాడనీ, క్రువా రూస్‌లో అతని విగ్రహం ఉందనీ విని, "మామకు చెప్పాల" అని రెండుసార్లు అన్నాడు. వాళ్లిద్దరికీ ఉమ్మడి భాష ఒక్క ముక్క లేదు. అయినా పడుగు, పేక, అట్ట అనే విషయాల మీద మా కంటే ఎక్కువసేపు మాట్లాడుకున్నారు. లోపలి గదిలోంచి తాతగారి కాలం నాటి పట్టుముక్క ఒకటి తెచ్చి చూపిస్తే, అతను దాన్ని తిరగేసి వెనుక వైపు చూశాడు. నేత తెలిసినవాళ్లు ముందు చూసేది అదేనని ఆమె సంతోషించింది.

అక్కడి నుంచి బయటపడి కొండెక్కడం మొదలుపెట్టేసరికి పదిన్నర అయింది. చలికాలంలో మనకూ వాళ్లకూ నాలుగున్నర గంటల తేడా. తిరుమలలో సుప్రభాతం మొదలయ్యే వేళ. కొండ మీదికి తాళ్లతో లాగే చిన్న రైలు ఉంది గాని దాని ముందు వరుస చూశాక మెట్లే మేలనిపించింది. ఫుర్వియేర్ మెట్లు అలిపిరితో పోలిస్తే లెక్కలోకి రావు, కాని తిన్నగా, నిట్టనిలువుగా ఉంటాయి. మోకాళ్ల పర్వతం ఎక్కినవాళ్లమని మేమిద్దరం గొప్పగా ముందు నడిచాము. మలుపు దగ్గర మొరాకో అమ్మాయి కాలు మెలిక పడింది. పుత్తూరు అంటే ఎముకలు కట్టే ఊరని నేను అంతకు ముందే ఎప్పుడో చెప్పి ఉన్నాను. ఆమె మెట్టు మీద కూర్చుని కాలు అతని ముందు చాపింది. "అక్కా, మాది కట్టు కట్టే వంశం కాదని చెప్పక్కా," అని అతను బతిమాలాడు. పుత్తూరువాళ్లు ఏ దేశం పోయినా ఈ బాధ తప్పదట. చివరకు నా ఉన్ని శాలువాతో బిగించి కట్టాడు. బెణుకు చిన్నదే కాబట్టి ఆమె నడిచింది, పుత్తూరు కట్టు పేరు ఫెజ్ దాకా పోయింది.

పైకి చేరాక చర్చి పక్కన చప్టా మీద నిలబడితే నగరం మొత్తం కింద పరుచుకుని ఉంది. కొండ అంచున పెద్ద పెద్ద అక్షరాలతో మేరీమాతకు కృతజ్ఞత చెప్పే దీపాలు వెలుగుతున్నాయి. మా ఊళ్లో రాత్రిపూట గాలిగోపురం దగ్గర వెలిగే శంఖుచక్రాలను, నామాన్ని కింద నుంచి చూసి దండం పెట్టుకోవడం నాకు అలవాటు. ఆ దీపాలను కూడా నేను కింద నుంచే ముందు చూసి, తెలియకుండానే చేతులు కలిపానని మొరాకో అమ్మాయి తర్వాత చెప్పింది.

పదకొండున్నరకు అమ్మకు ఫోను చేశాను. కార్తీకమంతా అమ్మ నాలుగింటికే లేచి, తలస్నానం చేసి, తులసికోట దగ్గర దీపం పెడుతుంది. ఆ వేళకు మాట్లాడడం మాకు అలవాటు. వెనుక గోల విని, "యాడుండావు అమ్మణ్ణీ?" అన్నది. కొండ మీద అన్నాను. "యే కొండ?" అన్నది. చెప్పాను. ఎవరితో పోయావు, తిన్నావా, మొగపిల్లోళ్లు ఉండారా అని వరుసగా అడిగింది. పుత్తూరు అబ్బాయి ఒకడున్నాడని చెప్పగానే ఫోను అతనికి ఇమ్మన్నది. అతను చేతిలో ఉన్న రెండో వైన్ గ్లాసును గబగబా పిట్టగోడ మీద, తన వెనుక పెట్టి, జుట్టు సవరించుకుని ఫోను అందుకున్నాడు.

"ఎవురి పిల్లోడివి నాయినా? పుత్తూరులో యాడ మీ యిల్లు?"

అతను చెప్పిన వీధి నుంచి మా చిన్న మేనత్తను ఇచ్చిన వీధికి, అక్కడి నుంచి ఒక కిరాణా అంగడికి, ఆ అంగడి ఆయన తమ్ముడి పెళ్లికి, చివరకు వాళ్ల అమ్మ అదే పెళ్లిలో మా అమ్మ పక్కన కూర్చుని తిన్న సంగతికి అయిదు నిమిషాల్లో చేరుకున్నారు. నా కాలింగ్ కార్డులో డబ్బులన్నీ ఆ చుట్టరికానికే ఖర్చయ్యాయి. లైను తెగిపోయే ముందు అమ్మ, "పాపను రూములో దిగబెట్టి పో నాయినా," అని ఆజ్ఞ వేసింది. పాపకు అప్పటికి ఇరవై ఆరేళ్లు.

అతని గది నగరానికి రెండో కొసన, మా హాస్టలుకు పూర్తిగా ఎదురు దిక్కున ఉండేది. దిగేసరికి ఆఖరి ట్రాం పోయింది. మొరాకో అమ్మాయి కాలు చూసి లియోన్ అబ్బాయి తన స్నేహితుడి కారులో ఆమెను పంపించాడు. అందులో ఇంకొకరికే చోటుంటే నేను ఎక్కనన్నాను. రోన్ నది గట్టు వెంట, పెద్ద తోట పక్కగా, మేము ముగ్గురం నడిచాము. దారి పొడుగునా మాట్లాడినది ఎక్కువగా తిండి గురించి. సంగటిలోకి ఊరుబిండి ఎలా నూరాలో పుత్తూరబ్బాయి లియోన్ అబ్బాయికి ఇంగ్లీషులో చెప్పిన తీరు నాకు ఇప్పటికీ నవ్వు తెప్పిస్తుంది. హాస్టలు తలుపు దగ్గర నన్ను దిగబెట్టి, అమ్మకు మాట ఇచ్చానంటూ తలుపు మూసుకునేదాకా నిలబడి, అతను మళ్లీ వచ్చిన దారినే వెళ్లాడు.

ఆ తర్వాత మేము నలుగురం ఆదివారాలు కలిసే వండుకున్నాము. నేను చదువు ముగించుకుని తిరుపతికి వచ్చేశాను. 2015 నవంబరులో పారిస్ మీద దాడులు జరిగినప్పుడు ఆ ఏటి దీపాల వేడుకను లియోన్‌లో రద్దు చేశారు, కాని జనం చనిపోయినవారి కోసం కిటికీల్లో కప్పులు వెలిగించారు. అవ్వ కిటికీ ఫొటో మనవడు మా ముగ్గురికీ పంపాడు. మొరాకో అమ్మాయి ఫెజ్‌లో పాఠాలు చెబుతోంది. పుత్తూరబ్బాయి ఎప్పుడు సెలవు మీద వచ్చినా, వాళ్ల ఇంటికి పోయే ముందు తిరుపతిలో దిగి, మా ఇంట్లో భోజనం చేసి పోతాడు. పోయినసారి అతను చేయి కడుక్కోవడానికి లేచినప్పుడు, ఆ రాత్రి పిట్టగోడ మీద దాచిన గ్లాసు సంగతి నేను అమ్మకు చెప్పేశాను.

అమ్మ పెరుగు గిన్నె అందుకుంటూ, "దాచినాడు కదా, ఆ మాత్రం భయముంటే చాల్లే," అన్నది.